మిగిలిన ఎడమ భుజం

హైమవతి చేతుల కింద ఎవరికీ నిద్ర పట్టేది కాదు. అదీ ఆవిడ బాధ.

ఇంకెక్కడైనా అయితే ఇది బాధ కిందికే రాదు. ఒళ్ళు పట్టించుకునే మనిషి మెలకువగా ఉంటేనేం, నిద్రపోతేనేం, నొప్పి తగ్గితే చాలదూ! కాని భీమిలిలో సిస్టరమ్మ ఇంట్లో పద్ధతి వేరు.

అక్కడ మర్దన నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకి మొదటిరోజే ఒక ఇత్తడి గిన్నె చేతికిస్తారు. అందులోనే నువ్వులనూనె వెచ్చబెట్టుకోవాలి. సాయంత్రం దాన్ని కడిగి, తుడిచి, సిస్టరమ్మ అలమరాలో పెట్టేయాలి. తన చేతి కింద ఒక మనిషి నిద్రపోయిన రోజుతో చదువు పూర్తయినట్టు. ఆ రోజు గిన్నె అలమరాలోకి వెళ్ళదు, నేర్చుకున్న మనిషితో ఇంటికి వెళ్తుంది.

ఇంకో నియమం కూడా ఉంది. మనిషి ఎక్కడ నిద్రలోకి జారుకుంటే అక్కడ చెయ్యి ఆపేయాలి. ఒక కాలు అయి రెండోది మిగిలిపోయినా సరే. దుప్పటి కప్పి, గిన్నెని ఆ మనిషి కాళ్ళవైపు నేలమీద పెట్టి, పక్కన ఊరికే కూర్చోవాలి. నేలమీద గిన్నె కనపడితే ఇంట్లో ఎవరూ ఆ గది గుమ్మం దాటరు.

హైమవతి గిన్నె ఒక్కసారి కూడా నేలమీద కూర్చోలేదు. ఆవిడ తర్వాత వచ్చిన గాజువాక అమ్మాయి, మాటిమాటికీ నూనె ఒలకబోసే అమ్మాయి, ఆ అమ్మాయి కూడా గిన్నె సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. హైమవతి నవ్వుతూనే సాగనంపింది గాని ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

మామూలు మనిషి అయితే ఇంత పట్టించుకునేది కాదేమో. హైమవతి విశాఖపట్నంలో ఒక కళాపీఠానికి ఇరవై ఏళ్ళకు పైగా డైరెక్టరు. ఆవిడ సభ పెట్టిందంటే హాలు నిండాల్సిందే. పెద్దపెద్ద విద్వాంసులు కూడా ఆవిడ ఫోను కోసం ఎదురుచూసేవారు. యాభై దాటాక ఒక రోజున రాజీనామా ఇచ్చి, మర్దన నేర్చుకుంటానని చెప్పేసరికి ఊరంతా ముక్కున వేలేసుకుంది. శాలువాలు కప్పిన చేతులతో కాళ్ళు పడతావా అని అడిగినవాళ్ళూ ఉన్నారు.

ఎందుకు వచ్చేశావంటే ఆవిడ ఒక్కటే చెప్పేది. ఏటా ఉత్సవాలప్పుడు తెర వెనక నాట్యం చేసే పిల్లలకి పిక్కలు పట్టేసేవి. హైమవతి నేలమీద కూలబడి ఆ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పట్టేది. పిక్క వదులైన క్షణంలో ఆ పిల్లల ముఖాలు చూస్తే, ఉత్సవం మొత్తంలో తనకి నచ్చింది ఆ కాసేపే అనిపించేది. అలా కొన్నేళ్ళు అనిపించాక, ఆ కాసేపటి కోసమే బతికితే ఏం పోతుందని వచ్చేసింది.

సిస్టరమ్మ అసలు పేరు ఎస్తేరు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయింది. వాళ్ళమ్మ మంత్రసాని, బాలింతలకి ఒళ్ళు పట్టడంలో అందెవేసిన చెయ్యి. తల్లి దగ్గర నేర్చుకున్నదీ, ఆసుపత్రిలో నేర్చుకున్నదీ కలిపి ఇప్పుడు ఇంట్లోనే నేర్పుతోంది. ఊరంతా సిస్టరమ్మే అంటారు. తక్కువ మాట్లాడుతుంది. మాట్లాడినా ఎక్కువగా కూరల సంగతే.

హైమవతి వచ్చిన మొదటిరోజు సిస్టరమ్మ అడిగింది.

"అక్కడ నువ్వు చేసే పనేంటమ్మా? పాడతావా, ఆడతావా?"

"రెండూ కాదండీ. పాడేవాళ్ళనీ ఆడేవాళ్ళనీ నడిపిస్తాను."

"అదెలా చేస్తారు?"

హైమవతికి హుషారొచ్చింది. పక్కతెర దగ్గర నిలబడి తను వేదికవంక కాదు, ముందువరసవంక చూసేదాన్నని చెప్పింది. ముందువరసలో ఒక్క తల వాలితే చాలు, కుడిచెయ్యి ఎత్తి చూపుడువేలు గాలిలో గిరగిరా తిప్పేది. ఆ వేలు కనబడితే ఎంతటి విద్వాంసుడైనా వేగం అందుకోవలసిందే. వెనువెంటనే వాలిన తలకి కాఫీ వెళ్ళేది.

"ఇన్నేళ్ళలో నా సభలో ఎవరూ నిద్రపోలేదండీ!" అంది హైమవతి.

"అబ్బో!" అంది సిస్టరమ్మ. అని గిన్నె చేతికిచ్చింది.

హైమవతికి అప్పగించిన మనిషి పేరు నూకాలమ్మ. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్ముతుంది. మెడా భుజాలూ కర్రల్లా బిగుసుకుపోయాయి. దానికి తోడు నిద్ర లేదు. పక్కమీద వాలినా కళ్ళు తెరుచుకునే ఉంటాయట.

నూకాలమ్మకి హైమవతి చేతులంటే ప్రాణం. బల్లమీద పడుకున్న దగ్గర్నుంచీ పొగడ్తే.

"ఏం సెయ్యమ్మా నీది! ఎన్నపూస! కడుపులో ఉన్న మాటంతా పైకొచ్చెత్తాదీ!"

హైమవతి కూడా తక్కువది కాదు. మర్దనని ఒక కచేరీలా కట్టుకుంది. మెడ దగ్గర నెమ్మదిగా ఎత్తుకుని, వెన్ను మీదుగా పెంచుకుంటూ వచ్చి, భుజాల దగ్గర అరచేతులు రెండూ ఆడించి, చివరికి అరికాళ్ళు పట్టి ముగించేది. ముగించాక, "ఎలా ఉంది నూకాలమ్మా?" అని అడిగేది. అడగనిదే ఆవిడకి ఆ పని అయినట్టు ఉండేది కాదు.

"బెమ్మాండంగా ఉన్నాది తల్లీ!" అనేది నూకాలమ్మ. అని ఇంటికెళ్ళి తెల్లవార్లూ దూలాలు చూస్తూ పడుకునేది.

మధ్యమధ్య నిద్ర దగ్గరదాకా వచ్చేది. రాకపోలేదు. నూకాలమ్మ కబుర్లు ముద్దముద్దగా అయిపోయేవి, రెప్పలు బరువెక్కేవి. సరిగ్గా అప్పుడే హైమవతి వేళ్ళు ఊపందుకునేవి. కొత్తచోట ఇంకాస్త గట్టిగా నొక్కు పడేది. "అబ్బ!" అని నూకాలమ్మ కళ్ళు తెరిచేది. మళ్ళీ పొగడ్త మొదలు.

సిస్టరమ్మ గుమ్మంలోంచి చాలాసార్లు చూసింది. చూసి తన పనిమీద వెళ్ళిపోయేది.

ఒక సాయంత్రం హైమవతి ఉండబట్టలేక ఆవిడ ముందు కూర్చుంది.

"సిస్టరమ్మా, ఉన్నమాట చెప్పండి. అందరూ బాగుందంటారు, ఎవరూ నిద్రపోరు. నూకాలమ్మ ముఖం చూస్తే నాకు సిగ్గేస్తోంది. నా చేతుల్లో లోపమేంటి?"

"నీ చేతుల్లో లోపమేమీ లేదమ్మా."

"మరి?"

సిస్టరమ్మ చేటలో బియ్యం ఏరుకుంటోంది.

"నాకిక్కడ చోటు లేదంటే చెప్పేయండి, ఏమీ అనుకోను," అంది హైమవతి. "ఉన్నది వదిలేసి వచ్చాను. ఇదీ రాకపోతే నేను దేనికీ పనికిరానిదాన్నే కదండీ."

సిస్టరమ్మ తలెత్తి చూసింది.

"మీ కళాపీఠం వాళ్ళ ఉత్సవాలు ఎప్పుడూ?"

ఇదా జవాబు! అనుకుంది హైమవతి.

"వచ్చే ఆదివారం. జ్యోతి వెలిగించడానికి రమ్మన్నారు. నేను రానని చెబుదామనుకుంటున్నాను."

"వస్తామని చెప్పు. నేనూ వస్తాను. వీణ విని చాలాకాలమైంది," అని సిస్టరమ్మ మళ్ళీ బియ్యంలో పడింది.

ఆదివారం సాయంత్రం కళాపీఠం వాళ్ళు కారు పంపారు. సిస్టరమ్మ గంజిపెట్టిన తెల్లచీర కట్టుకుని, చేతిసంచీతో బయల్దేరింది. హాలు దగ్గర దిగగానే అందరూ హైమవతి చుట్టూ మూగారు. పూలగుత్తులు, నమస్కారాలు. కొత్త డైరెక్టరు శశాంక్ అయితే పరిగెత్తుకు వచ్చాడు. ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాడే.

"మేడం, మీ పద్ధతులు ఒక్కటి కూడా మార్చలేదు. అన్నీ మీరు నేర్పినట్టే!" అన్నాడు.

హైమవతికి కడుపు నిండిపోయింది. సిస్టరమ్మని ముందువరస మధ్యలో తన పక్కన కూర్చోబెట్టుకుంది. జ్యోతి వెలిగించింది, నాలుగు మాటలు మాట్లాడింది, చప్పట్ల మధ్య వచ్చి కూర్చుంది.

ఆ రోజు వీణ త్రిపురసుందరిగారిది. పెద్దావిడ. ఏ తొందరా లేని వాయిద్యం. పక్కన మృదంగం పట్టుకున్నాయన చేతులు ఒళ్ళో పెట్టుకుని తన వంతు కోసం కూర్చున్నాడు. ఆవిడ తీగ మీటి, మోత పూర్తిగా ఆరిపోయేదాకా ఆగి, అప్పుడు ఇంకో తీగ మీటుతోంది. రాగం నీళ్ళలో నడిచినట్టు నెమ్మదిగా వెళ్తోంది.

కాసేపటికి హైమవతి భుజానికి ఏదో తగిలింది. చూస్తే సిస్టరమ్మ తల!

ముందువరసలో, సరిగ్గా మధ్యలో, అందరూ చూస్తుండగా సిస్టరమ్మ హాయిగా నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుంది. సన్నగా గురక కూడా.

హైమవతికి తల కొట్టేసినట్టయింది. తను తీసుకొచ్చిన మనిషి! మెల్లగా మోచేత్తో కదిపింది. సిస్టరమ్మ ఇంకాస్త సర్దుకుని పడుకుంది. వెనకవరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఎటు చూడాలో తెలియక హైమవతి వేదికవంక చూసింది.

త్రిపురసుందరిగారు చూస్తోంది. సూటిగా సిస్టరమ్మనే చూస్తోంది. ఆవిడ ముఖంలో కోపం లేదు. పెదవులమీద చిన్ననవ్వు. ముందరికన్నా మెత్తగా, ఉయ్యాల తొట్టి ఊపుతున్నట్టు వాయిస్తోంది.

హైమవతి ఆశ్చర్యంగా చూస్తుండగానే పక్కతెర చాటున ఏదో కదిలింది.

శశాంక్. వాడి కళ్ళు ముందువరస మీద ఉన్నాయి. కుడిచెయ్యి ఎత్తాడు. చూపుడువేలు గాలిలో గిరగిరా తిప్పాడు.

త్రిపురసుందరిగారి నవ్వు ఆగిపోయింది. ఒక్క క్షణం ఆ వేలివంక చూసి, రాగాన్ని ఉన్నపళంగా కట్టిపెట్టి, కీర్తన ఎత్తుకుంది. మృదంగం ధణేల్‌మని మోగింది.

సిస్టరమ్మ ఉలిక్కిపడి లేచింది. పసిబిడ్డలా బిత్తరచూపులు చూసింది. కళ్ళు నులుముకుని, చీర సర్దుకుంది. ఇంతలో కాఫీ వచ్చింది. పుచ్చుకుంది.

"మంచి నిద్ర పట్టిందమ్మా," అంది హైమవతితో, గుసగుసగా. "ఎవరో లేపేశారు."

హైమవతి ఒళ్ళో ఉన్న తన కుడిచేతివంక చూసుకుంది. చూపుడువేలిని గుప్పిట్లో ముడుచుకుంది. కచేరీ అయ్యేదాకా ఆ గుప్పిట విప్పలేదు.

కచేరీ అయ్యాక త్రిపురసుందరిగారు కర్రపట్టుకుని మెట్లు దిగి, దండలు వేసేవాళ్ళని తప్పించుకుని, నేరుగా సిస్టరమ్మ దగ్గరికి వచ్చింది.

"మీరు నిద్రపోవడం చూశానమ్మా," అంది.

"తప్పయిందా?"

"అయ్యో, తప్పేంటి! నా వాయిద్యానికి మనిషి కళ్ళు మూసుకుని ఎన్నాళ్ళయిందో! అలాగే వాయించుకుంటూ పోదామనుకున్నాను. వీళ్ళు పోనివ్వలేదు."

ముసలివాళ్ళిద్దరూ చేతులు పట్టుకుని నవ్వుకున్నారు. శశాంక్ పక్కనే నిలబడి తనూ నవ్వాడు గాని, ఎందుకో వాడికే తెలియదు. వాణ్ణి తప్పుపట్టడానికీ లేదు, వాడు నేర్చుకున్నది అదే.

తిరుగుదారిలో సముద్రం పక్కనే కారు పోతోంది. సిస్టరమ్మ మళ్ళీ నిద్రపోయింది. హైమవతి తన భుజం కదలకుండా పెట్టి కూర్చుంది. డ్రైవరు పాటలు పెట్టబోతే వద్దని సైగ చేసింది.

మర్నాడు మధ్యాహ్నం నూకాలమ్మ వచ్చింది. గంప వసారాలో దించి, కాళ్ళు కడుక్కుని, బల్లమీద బోర్లా పడుకుంది. హైమవతి నూనె వెచ్చబెట్టుకుని మెడ దగ్గర మొదలుపెట్టింది.

"ఇయ్యాల కొమ్మాది దాకా ఎల్లొచ్చేనమ్మా. వొంజరం సేపలు లెగిసిపోనాయి గాని, నెత్తళ్ళు అలాగే ఉండిపోనాయి. మా ఈదిలో ఆ సిమ్మాచలం లేదూ..."

"ఊఁ," అంది హైమవతి.

సిమ్మాచలం కథ చాలా దూరం వెళ్ళింది. వెన్ను అయింది. కుడిభుజం పట్టుకునేసరికి కథలో మాటలు ఒకదానిమీద ఒకటి ఒరిగిపోవడం మొదలుపెట్టాయి.

"...అప్పుడు దాని కోడలేటన్నాదంటే... అత్తా, నానూ..."

హైమవతి వేళ్ళకి అలవాటైన ఊపు వచ్చింది. భుజం మూలలోంచి గట్టిగా ఒక్క నొక్కు నొక్కాలని బొటనవేలు అప్పుడే వంగింది. ఆవిడకి అది కనపడింది. ఇన్నాళ్ళూ ఎప్పుడూ కనపడలేదు. వంగిన వేలిని మెల్లగా చాచేసింది. చెయ్యి ఎంత నెమ్మదిగా వెళ్తోందో అంతకన్నా నెమ్మది చేసింది. నూకాలమ్మ ఊపిరి పైకి లేచినప్పుడు చెయ్యి పైకి, దిగినప్పుడు కిందికి. అంతకుమించి ఏమీ చెయ్యలేదు.

చెయ్యకుండా ఉండటం ఎంత కష్టమో హైమవతికి ఆ రోజే తెలిసింది. హాల్లో దీపాలన్నీ ఆర్పేసి, తెర దించకుండా, తనొక్కర్తీ నిలబడ్డట్టనిపించింది. భయం వేసింది కూడా.

"...నానూ..." అంది నూకాలమ్మ. ఆ తర్వాత ఏమీ అనలేదు.

కిటికీలోంచి అలల చప్పుడు వస్తోంది. దాని కింద ఇంకో చప్పుడు, సన్నటి గురక.

ఎడమభుజం అసలు ముట్టుకోలేదు. అరికాళ్ళు అలాగే ఉన్నాయి. మంగళం పాడకుండా సభ ముగించడం హైమవతి జన్మలో ఎరగదు. ఆ ఎడమభుజం కూడా అయిపోతే ఎంత బాగుండు! చెయ్యి దానివైపు జానెడు దూరం వెళ్ళింది. అక్కడ ఆగింది. వెనక్కి తీసుకుంది.

దుప్పటి కప్పింది. గిన్నె తీసి చప్పుడు కాకుండా నూకాలమ్మ కాళ్ళవైపు నేలమీద పెట్టింది. పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది. ఆవిడకి చాలా సంతోషంగా ఉంది. ఎవరికైనా చెబుదామంటే మాట్లాడకూడదు. అందుకని ఊరికే కూర్చుంది.

సిస్టరమ్మ గుమ్మం దాకా వచ్చింది. నేలమీద గిన్నె చూసింది. చెప్పులు చేతిలోకి తీసుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

పొద్దు వాలుతుండగా నూకాలమ్మ కదిలింది. తల ఎత్తి గోడలవంక, కిటికీవంక చూసింది.

"ఓలమ్మ! నిద్దరోయేనేటి?"

"పోయావు."

"అయిపోనాదా?"

"ఎడమభుజం మిగిలింది. ఈసారి వచ్చినప్పుడు చేస్తాను."

నూకాలమ్మ లేచి కూర్చుంది. మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ప్రతిసారీ హైమవతి అడిగే ప్రశ్న కోసం కాసేపు ఎదురుచూసింది. అది రాలేదు. ఆవిడకే మొహమాటమేసింది.

"ఇయ్యాల ఎలాగ సేసేవో సెప్పలేనమ్మా. నాకేటీ తెల్దు."

"నాకూ తెలియలేదు నూకాలమ్మా," అంది హైమవతి.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. నూకాలమ్మ గంప ఎత్తుకుని, ఆవలిస్తూ వెళ్ళిపోయింది. ఆవలింత వీధి మలుపుదాకా వినపడింది.

హైమవతి గిన్నె తీసుకెళ్ళి కుళాయి దగ్గర బూడిదతో తోమింది, కడిగింది, పమిటచెంగుతో తుడిచింది. రోజూ చేసినట్టే వంటింటి పక్కనున్న అలమరా దగ్గరికి వెళ్ళి తలుపు తీసింది. సిస్టరమ్మ అక్కడే పీటమీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తల ఎత్తలేదు.

"ఎడమభుజం మిగిలిపోయిందా అని అడగరేంటండీ?" అంది హైమవతి.

"మిగిలిందా?"

"మిగిలింది."

"మంచిదే. ఉండనీ."

హైమవతి గిన్నె పట్టుకుని, తెరిచిన అలమరా ముందు అలాగే నిలబడింది. అలవాటుకొద్దీ చెయ్యి ముందుకి చాపింది.

సిస్టరమ్మ ఒలిచిన గింజ పళ్ళెంలో వేసి అప్పుడు తల ఎత్తింది.

"ఆ తలుపు వేసెయ్యమ్మా. దానికి ఇక్కడ చోటు లేదు."